జానెడు కింద బండ

మధ్యాహ్నం తిరిగింది. గాలి లేదు, ఒకటే ఉక్క. తూర్పున మబ్బు కమ్ముకొస్తోంది.

కోత కోశాక కొయ్యకాళ్లు నిలిచిన చేలో, కలుగు మూతి దగ్గర ఎలుకమ్మ పిల్లల తలలు నిమురుతోంది. గట్టు మీదికి నక్క వచ్చింది.

"దున్నని చేలో కాపురమేంటి చెల్లెమ్మా? పక్క చేను చూడు! ట్రాక్టరు ఏటేటా తిరగేసి మట్టిని జల్లించిన పిండిలా చేసింది. గోరు పెడితే దిగుతుంది. వాన రాకముందే పిల్లల్ని తీసుకెళ్లు."

"ఎంత దయ అన్నా నీకు!" అంది ఎలుకమ్మ.

నిరుడు ఆ మాటే నమ్మి పక్క చేలోకి మారింది. పిండిలాంటి మట్టి జానెడు లోతే. ఆ కింద, ఏళ్ల తరబడి ఒకే లోతున దున్నీ దున్నీ, చక్రాలు అణిచీ అణిచీ, నేల బండలా బిగిసిపోయింది. గోళ్లు అరిగాయే గానీ కలుగు లోతు దిగలేదు. వాన పడితే నీళ్లు ఇంకలేదు. తడిసి బయటికొచ్చిన పిల్లల కోసం గట్టు మీద ఎవరు కాచుకున్నారో ఆమెకు తెలుసు.

"ఇప్పుడే మారతాం. వాన వెలిశాక చూసిపో."

నక్క మీసాలు నాక్కుంటూ వెళ్లింది. ఎలుకమ్మ కదల్లేదు.

వాన దంచి కొట్టింది. కొయ్యకాళ్ల చేలో నీళ్లు పాత వేళ్ల దారుల్లో, వానపాముల కన్నాల్లో గటగటా దిగిపోయాయి. పక్క చేను మడుగైంది.

వాన వెలవగానే, "బయటికొస్తే కాళ్లు విరగ్గొడతా" అని పిల్లలకు చెప్పి, కొట్టుకొచ్చిన కందికట్టెల మీదుగా ఎలుకమ్మ పక్క చేను నడుమకు వెళ్లింది.

"అన్నా! కలుగు నిండింది! పిల్లలు చలికి బిగుసుకుపోయారు, కాస్త వచ్చి పట్టుకో!"

ఎన్నడూ గట్టు దిగని నక్క నోరూరి ఒక్క దూకు దూకింది. నాలుగు కాళ్లూ పొట్ట దాకా దిగబడ్డాయి. ఒక కాలు లాగితే రేగడి ముద్ద వెంట వచ్చింది. దాన్ని ఆనిస్తే ఇంకోటి కూరుకుపోయింది.

"చెల్లెమ్మా, ఇదేంటి!"

"నువ్వు మెచ్చిన చేనే అన్నా. సుఖంగా కాపురముండు."

చెప్పిన మాట గాలికొదిలి పిల్లలంతా గట్టెక్కారు. ఒకటే ఈలలు, కేకలు. ఆ గోలకు రైతు కుక్క పరుగెత్తుకొచ్చింది. నక్క బురద కాళ్లు ఈడ్చుకుంటూ, పడుతూ లేస్తూ అవతలి గట్టెక్కి పొలిమేర దాటింది. మళ్లీ ఆ వైపు కనబడితే ఒట్టు.

"పైన మెత్తన చూసి మురిసిపోకండర్రా, నీళ్లు తాగే నేలే మనల్ని కాచే నేల" అంటూ ఎలుకమ్మ పిల్లల్ని కలుగులోకి తోసింది.

మూతితెల్లోడు, బుడిగి, పొట్టితోకోడు, కవలలిద్దరూ. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టింది.

ఈ ఏడు అందరూ ఉన్నారు.