మాయావి ప్రాణం ఏ కోడిలో ఉంది?

అనగనగా ఒక రాజు, ఆ రాజుకో పెద్ద బొజ్జ, ఆ బొజ్జకు తగ్గ ఆకలి. రాజు పేరు ఉదరసేనుడు, ఊరి పేరు విస్తరిపురం. ఆయనకు కోడిగుడ్డంటే పిచ్చి. పొద్దున గుడ్డట్టు, మధ్యాహ్నం గుడ్డు పులుసు, రాత్రి గుడ్డు వేపుడు. అయితే ఆ రాజ్యంలో కోళ్లు తమకు బుద్ధి పుట్టినప్పుడు గుడ్డు పెట్టేవి, బుద్ధి పుట్టినప్పుడు పొదగడానికి కూర్చునేవి. పొదుగుతున్న పెట్ట కింద చెయ్యి పెడితే రాజని కూడా చూడకుండా ఠక్కున పొడిచేది. రాజుగారికి అదొక్కటే మింగుడుపడేది కాదు.

ఒకరోజు ధూమ్రకేశుడనే మాయావి కొలువుకు వచ్చాడు. రాజ్యంలోని కోళ్లన్నీ తనకిస్తే ప్రతి ఇంటికీ పొద్దున్నే బుట్టెడు గుడ్లు పంపిస్తానన్నాడు. రాజు లొట్టలు వేసుకుంటూ సరేనన్నాడు. భటులు ఊళ్ల మీద పడి కోళ్లను పట్టుకుపోయారు. చిన్న రాకుమారుడు కేతనుడి ఒళ్లో ఉన్న చుక్కమ్మను కూడా లాక్కుపోయారు. మచ్చల పెట్ట అది. పిల్లగా ఉన్నప్పుడు వానలో తడిసి వణుకుతుంటే కేతనుడే చొక్కాలో పెట్టుకుని బతికించాడు. అది పోయిన రోజు వాడు ఏడ్చిన ఏడుపు అంతా ఇంతా కాదు.

మాయావి ఊరవతల ఏడంతస్తుల ఇనుప మేడ కట్టాడు. మేడ నిండా పెట్టెలు. పెట్టెకో కోడి. రెక్క విప్పడానికి చోటు లేదు, గీరుకోవడానికి మట్టి లేదు. పైన ఎప్పుడూ ఆరని మాయదీపం. రాత్రి లేదు కాబట్టి నిద్ర లేదు, నిద్ర లేదు కాబట్టి గుడ్డు మీద గుడ్డు. గుడ్లు తగ్గిన కోడి ఆ సాయంత్రమే వంటశాలకు పోయేది. ఇక పుంజులంటారా, గుడ్లు పెట్టవు కాబట్టి అవి మొదటిరోజే పులుసులో పడ్డాయి. దాంతో కూసేవాడు లేక విస్తరిపురం మధ్యాహ్నం దాకా నిద్రలేవడం మానేసింది. పూజారి సుప్రభాతం పాడేసరికి జనం భోజనాలకు కూర్చునేవారు.

కేతనుడు మాత్రం గుడ్డూ ముట్టలేదు, మాంసమూ ముట్టలేదు. రాజు కోప్పడితే, విస్తట్లో పడ్డ ముక్క చుక్కమ్మది కాదని ఎవరైనా ఒట్టేసి చెబితే తింటానన్నాడు. అలా ఒట్టేసేవాడు ఎక్కడ దొరుకుతాడు?

ఇంతలో పొరుగు రాకుమారి మందారిక వచ్చి ఆ ఇనుప మేడ వాకిట్లోనే చాప వేసుకుని కూర్చుంది. వచ్చేపోయేవాళ్లను ఆపి లోపల కోళ్లు ఎలా ఉన్నాయో చూసి రండని పోరేది. ఆ కోళ్లు నేల తొక్కేదాకా తాను పెళ్లిపీట తొక్కనని శపథం పట్టింది. పెద్ద రాకుమారుడు నేను విడిపిస్తానని వెళ్లాడు. మాయావి వేడివేడి గుడ్డట్టు పెట్టాడు, ఆయన అక్కడే ఉండిపోయాడు. నడిమివాడు వెళ్లాడు. వాడికి కోడి పులుసు పెట్టాడు, వాడూ ఉండిపోయాడు. మూడోసారి కేతనుడు వెళ్లాడు. వేపుడు పెడితే వద్దన్నాడు. మాయావికి ఏం చెయ్యాలో తోచలేదు.

"నా ప్రాణం ఉన్నంతకాలం ఈ తలుపులు తెరుచుకోవు, నా ప్రాణం నీకు దొరకదు," అని తలుపు వేసుకున్నాడు.

వాకిట్లో కేతనుడి ఎత్తున గుడ్డపీలికల కుప్ప ఉంది. ఆ రాజ్యంలో ఎవరి కోడి ఏదో తెలియడానికి ఇంటికో రంగు పీలిక కాలికి కట్టేవారు. ఇక్కడ కోడికి ఇల్లేమిటి, పేరేమిటి అని మాయావి వాటన్నిటినీ కోయించేశాడు. కుప్పలో చుక్కమ్మ ఎర్ర పీలిక కనబడగానే కేతనుడు దాన్ని పట్టుకుని ఏడ్చాడు.

మందారిక దగ్గరికి వచ్చింది. "ఏడ్చింది చాల్లెండి. మాయావుల ప్రాణం ఎప్పుడూ ఏడు సముద్రాల అవతల చిలకలోనే ఉంటుంది. వెళ్లి రండి. ఇక్కడ నేను చూసుకుంటాను," అంది.

సముద్రపొడ్డున ఒక గద్ద దిగులుగా కూర్చుని ఉంది. కేతనుడి కథ విని వీపు మీద ఎక్కమంది. "ఊళ్లో ఒక్క కోడిపిల్ల కనబడితే ఒట్టు. ఎలకలు తిని తిని నోరు చచ్చిపోయింది. కోళ్లు బయటికొచ్చాక నా పని నేను చూసుకుంటాను, ముందే చెబుతున్నా," అంది. ఆ సంగతి అప్పుడు చూద్దామన్నాడు కేతనుడు.

ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, ఏడూ దాటారు. పగడాల గుహలో చిలక జామకాయ తింటోంది. కేతనుణ్ణి చూసి తల కూడా ఎత్తలేదు.

"మెడ పిసకడానికేగా వచ్చావు? నాలో ఏమీ లేదు నాయనా. రాకుమారులంతా తిన్నగా నా దగ్గరికే వస్తున్నారని వాడు ప్రాణం తీసుకెళ్లి ఒక పెట్టలో పెట్టుకున్నాడు. గుర్తుగా దాని కాలికి పసుపు పీలిక కట్టి మీ కోళ్లలో కలిపేశాడు. అన్ని కోళ్లలో ఎవరు వెతుకుతారని వాడి ధీమా."

కేతనుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. గద్దకు అర్థం కాకపోయినా అది కూడా నవ్వింది.

తిరిగొచ్చేసరికి సాయంత్రమైంది. వంటశాలకు పోయే గంపలు సిద్ధంగా ఉన్నాయి. ఒక గంపలో చుక్కమ్మ ఉంది. ఈకలు ఊడిపోయి, మెడ వాల్చేసి ఉంది. వంటవాడు కత్తి నూరుతున్నాడు.  కేతనుడు గంప వైపు పరుగెత్తకుండా మాయావినే పిలిచాడు.

"స్వామీ, మీ పసుపు పీలిక పెట్ట ఏ పెట్టెలో ఉందో ఒకసారి చూసుకున్నారా?"

మాయావి మొహం తెల్లబోయింది. ఏడంతస్తులూ పరుగెత్తాడు. ఎక్కడా పీలిక లేదు. భృత్యులను నిలదీశాడు. కాలికి ఏముంటే అది కోసెయ్యమని తమరే కదా సెలవిచ్చారన్నారు వాళ్లు. మాయావి మెట్ల మీద చతికిలబడ్డాడు. ఆ గంపల్లో తన ప్రాణం ఉండొచ్చు. నిన్నటి గంపల్లో పోకుండా మిగిలిందంటే అది కేవలం అదృష్టం. దెబ్బకు లేచి వెళ్లి వంటవాడి చేతిలో కత్తి లాక్కున్నాడు.

"కత్తి ఆపితే సరిపోదు. పెట్టెల్లోనే రోజూ ఎన్ని చస్తున్నాయో నేను చూస్తూనే ఉన్నాను. అందులో మీది ఏదో మీకే తెలియదు," అంది మందారిక.

అంతే, మాయదీపాన్ని మాయావే పగలగొట్టాడు. తలుపులన్నీ తనే తెరిచాడు. కోళ్లు బయటికొచ్చి బిక్కచచ్చి నిలబడ్డాయి, వాటికి నడక మరుపొచ్చింది. చుక్కమ్మ నాలుగుసార్లు తూలి, ఎలాగో వచ్చి కేతనుడి పాదాల మీద కూర్చుంది. వాడు సిగ్గుపడకుండా ఏడ్చాడు.

కేతనుడికీ మందారికకూ పెళ్లయింది. విందులో గుత్తివంకాయ వడ్డించారు. ఉదరసేనుడు సణుగుతూనే మూడుసార్లు మారు వేయించుకున్నాడు. అన్నలిద్దరికీ బొజ్జలు తగ్గడానికి చాలాకాలం పట్టింది. పొరుగు రాజ్యం నుంచి పుంజులు వచ్చాయి. ఊరు మళ్లీ పొద్దున్నే లేచింది. గద్ద దిగిందంటే చాలు మాయావి కర్ర పట్టుకుని వెంటబడేవాడు. కుక్క వచ్చినా ముంగిస వచ్చినా అంతే. వానొస్తే కోళ్లకు గొడుగు పట్టేవాడు. ఏ కోడికి తుమ్మొచ్చినా మిరియాల కషాయం కాచేవాడు.

కొన్నేళ్లు గడిచాయి. కేతనుడు రాజయ్యాడు. పెళ్లికని వచ్చిన చిలక ఇక్కడే మకాం పెట్టింది. అంతకాలం తనలో ఉన్న ప్రాణం కాబట్టి అది ఏ పెట్టలో ఉందో తను పోల్చగలనంది. జాలిపడి కేతనుడు మాయావిని పిలిపించాడు.

"మీ పెట్ట ఏదో చిలక చెబుతుందట. దాన్నొక్కదాన్ని చూసుకుంటూ హాయిగా ఉండండి, ముసలివారయ్యారు," అన్నాడు.

మాయావి చంకలో ఒక కుంటి కోడి ఉంది. దాని వీపు నిమిరాడు.

"వద్దు రాజా," అన్నాడు. "ఏదో తెలిస్తే మిగతావాటి వంక చూస్తానో లేదో. నా మీద నాకు అంత నమ్మకం లేదు."

అలా చెప్పి, పొద్దుపోతోంది, కోళ్లను గూట్లో చేర్చాలని లేచి వెళ్లిపోయాడు. కథ అక్కడే ఆగింది, కోళ్లతోపాటు మనమూ పడుకుందాం.