మోనికా పాసైంది

తెలివనేది తమ ఇంట్లోనే పుట్టి, తమ ఇంట్లోనే కాపరముంటోందని నూకరాజు నమ్మకం. అనకాపల్లి అబ్బాయి. పదో తరగతి పుస్తకాలు పేజీ నంబర్లతో సహా బట్టీ కొట్టి పాసైన ఘనుడు. "అర్థం చేసుకోవడం జ్ఞాపకశక్తి లేనివాళ్ళ పనిరా" అనేవాడు చిన్నాన్నల కొడుకులు పైడిరాజుతో, గవర్రాజుతో. వాళ్ళు అదీ బట్టీ కొట్టేవారు.

నూకాలమ్మ తల్లి దయవల్ల ముగ్గురికీ జర్మనీలో ఒక యూనివర్సిటీలో సీట్లొచ్చాయి. ఒకటే మెలిక. ఆరు నెలల్లో జర్మన్ పరీక్ష పాసవ్వాలి. లేదంటే సీటు పోయినట్టే, పెట్టె సర్దుకుని ఇంటిదారి పట్టాలి.

భాష నేర్పే టీచరమ్మ మొదటిరోజే ఇంగ్లీషులో చెప్పింది: "మొదటి పాఠం ఉన్నది ఉన్నట్టు నోటికి రావాలి. ఎవరు పలకరించినా జర్మన్‌లోనే జవాబు చెప్పండి."

ఇంకేముంది, మూడు రోజుల్లో పాఠం నోటికొచ్చేసింది. నాలుగో రోజు మెట్ల మీద ఎదురింటి ముసలావిడ "నీ పేరేంటి నాయనా?" అని జర్మన్‌లో అడిగింది.

నూకరాజు చేతులు కట్టుకుని ఒప్పజెప్పాడు: "నా పేరు మోనికా. నాకు ముప్పై నాలుగేళ్ళు. ఇద్దరు పిల్లలు. మా ఆయన రొట్టెల కొట్లో పనిచేస్తాడు."

ఆవిడ పైడిరాజు వైపు చూసింది. అతనూ మోనికాయే. గవర్రాజూ మోనికాయే.

"మన పేర్లు చెప్పాలేమో అన్నయ్యా" అన్నాడు గవర్రాజు ఇంట్లోకొచ్చాక.

"పుస్తకంలో గవర్రాజని ఉందా? లేనిది కల్పిస్తే మార్కులు కోసేస్తారు."

ముసలావిడ జాలిపడి, పిల్లలకని కుందేలు చెవుల టోపీలు రెండు అల్లి తెచ్చింది. థాంక్స్ చెప్పడం రెండో పాఠంలో ఉంది. అందుకని నూకరాజు మొదటి పాఠమే మళ్ళీ ఒప్పజెప్పాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

ఆ వారమే పైడిరాజుకి పన్నుపోటు. డాక్టరు ఏమైందనగానే పాఠం చెప్పాడు. డాక్టరు రెండు వేళ్ళు చూపించి, చెయ్యి మోకాలెత్తున పెట్టి, తీసుకురమ్మని సైగ చేశాడు.

"ఇక్కడి పద్ధతే అంత కాబోలు. నొప్పి పెద్దాళ్ళది, చూపించాల్సింది పిల్లల్ని" అన్నాడు నూకరాజు.

మర్నాడు తనూ గవర్రాజూ కుందేలు చెవులు పెట్టుకుని వెళ్ళి నోళ్ళు తెరిచారు. డాక్టరు చాలాసేపు చూసి, ఇద్దరి పళ్ళూ శుభ్రం చేసి, చెరో బెలూను ఇచ్చి పంపాడు.

"పోటు తగ్గలేదు అన్నయ్యా" అని మూలిగాడు పైడిరాజు.

"బెలూన్లిచ్చాక కూడా తగ్గలేదంటే తప్పు నీ పన్నుదే."

పరీక్షరోజు రానే వచ్చింది. పేపరు మీద పేరు రాయమన్నారు. ముగ్గురూ నవ్వుకున్నారు, ఇంత తేలిక ప్రశ్నా అని. ముగ్గురూ మోనికా అని రాసి, కింద ఇంటి చిరునామా రాశారు.

ఫలితాలొచ్చాయి. టీచరమ్మ కాగితం చదివింది: "మీరు ముగ్గురూ పరీక్షకే రాలేదట. మోనికా అని ఎవరో పాసైంది. ఆమె మీ మేడలోనే ఉంటుందట. ఈ సాయంత్రం అయిదులోగా వచ్చి సంతకం పెట్టకపోతే ఆమె సీటూ పోతుంది. కాస్త చెప్పండి."

"మనం రాలేదా?" అన్నాడు పైడిరాజు. "మరి నేను కూర్చున్న కుర్చీలో ఎవరున్నట్టు?"

"మోనికా" అన్నాడు నూకరాజు నిట్టూర్చి. "ఇద్దరు పిల్లల్తో సంసారం ఈదుకుంటూ చదివింది, మహాతల్లి. మన సీట్లు ఎలాగూ పోయాయి. ఆ ఆడకూతురి సీటైనా నిలబెడదాం పదండి."

ఉత్తచేతుల్తో వెళ్ళకూడదని అరటిపళ్ళు, జాకెట్టుగుడ్డ కొన్నారు. టీచరమ్మ ఇచ్చిన కాగితంలో ఇంటి నంబరు చూసుకుంటూ మెట్లెక్కి తమ తలుపు దగ్గరే ఆగి గంట కొట్టారు. ఎవరూ తియ్యలేదు. మళ్ళీ కొట్టారు.

"పిల్లల కోసం బడికెళ్ళి ఉంటుంది. కూర్చుందాం" అన్నాడు నూకరాజు.

ముగ్గురూ మెట్ల మీద కూర్చున్నారు. చర్చి గంట అయిదు కొట్టింది. జేబులో ఇంటి తాళంచెవి గుచ్చుకుంటుంటే, నూకరాజు కాస్త పక్కకి సర్దుకుని కూర్చున్నాడు.