బిగించిన పట్టీ

హిమజ చేసిన ఆపరేషన్‌లో చుక్క కూడా కారలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

వైద్యం కూడా గురువు పక్కన నిలబడి నేర్చుకునే విద్యేనండీ. గుంటూరులో రహమతున్నీసా గారనే పెద్ద డాక్టరమ్మ దగ్గర హిమజ అలాగే నేర్చుకుంటోంది. దగ్గినా, తుమ్మినా, బరువెత్తినా మూత్రం పడిపోయే ఆడవాళ్లకి ఆవిడ ఆపరేషన్ చేస్తారు. మూత్రం వచ్చే దారి కింద సన్నటి వలపట్టీ ఒకటి ఊయలలాగా వేస్తారు. దారికీ పట్టీకీ నడుమ కత్తెర మొన ఉంచి, ఆ కాస్త సందు వదిలి సర్దాలని గురువుగారి కట్టడి.

దానమ్మ మిరపకాయల కొట్టంలో తొడిమలు తీసే మనిషి. ఆ ఘాటుకి పొద్దస్తమానం దగ్గే. దగ్గితే చీర తడిసేది. తోటివాళ్లు, "దానమ్మ కూర్చున్న గోతాన్ని ఎండలో వేయండర్రా" అని నవ్వేవారు. పాపం, చివరికి మంచినీళ్లు తాగడమే మానేసింది.

ఆమెకి ఆపరేషన్ చేసేటప్పుడు, ఇంత దగ్గే మనిషికి సందెందుకని హిమజ కత్తెర తీసేసి పట్టీని ఇంకాస్త లాగింది. అయ్యాక గట్టిగా దగ్గించి చూసింది. చుక్క లేదు. ఆ సంగతి వార్డులో అందరికీ గొప్పగా చెప్పుకుంది కూడా.

తీరా చూస్తే దానమ్మకి ఒంటికి రావడమే లేదు. పూటపూటకీ గొట్టం పెట్టి తీయాల్సి వస్తోంది. పట్టీ వదులు చేయమని తోటి డాక్టర్లంటే హిమజ ఒప్పుకోదు. వాపు తగ్గితే అదే సర్దుకుంటుందని, వదులు చేస్తే చేసిన పనంతా పాడవుతుందని గురువుగారి దగ్గర కూడా వాదించింది.

ఆవిడ ఒక కుర్చీ తీసుకెళ్లి వార్డు బాత్‌రూం తలుపు పక్కన వేశారు.

"కూర్చో," అన్నారు.

లోపల దానమ్మ ఉంది. నీళ్ల చప్పుడు వింటే వస్తుందని ఎవరో చెబితే కుళాయి తిప్పుకుని కూర్చుంది. బకెట్ నిండి పొర్లిపోతోంది.

"ఏం వినబడుతోంది?"

"కుళాయి, మేడమ్."

"ఇంకా విను."

హిమజ తల వంచి విన్నది. నీళ్ల చప్పుడు చాటున, కొంగు నోట్లో కుక్కుకున్న ఏడుపు.

కాసేపటికి తలుపు తెరుచుకుంది. పొత్తికడుపు పట్టుకుని బయటికొచ్చిన దానమ్మ, కుర్చీలో ఉన్న డాక్టర్ని చూసి కంగారుపడింది.

"మీరు చక్కగానే చేశారమ్మా," అంది. "నాకే చేతకావట్లేదు."

హిమజ లేచి, ఆమె భుజం పట్టి ఆ కుర్చీలో కూర్చోబెట్టింది. పక్కకి చూస్తే గురువుగారు లేరు.

"చేతకానిది నాకమ్మా," అంది హిమజ. "రేపు వదులు చేస్తాను. దగ్గితే మళ్లీ చుక్క పడొచ్చు."

దానమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"పడితే పడనీ తల్లీ," అంది. "ఆళ్లు నవ్వుతారు. అంతేగా."