యంత్రకేసరి చలవమేడ

ముత్యాలరేవు రాజు చంద్రకేతుకు సముద్రం ఒడ్డున మేడ కట్టుకోవాలని బుద్ధి పుట్టింది. కట్టుకున్నాడు. తీరా అందులో కాపురం పెట్టాక పట్టుబట్ట ఒంటిమీదే తడిసి ముద్దవడం మొదలుపెట్టింది.

"సముద్రం పక్కన ఇంత చెమటేమిటి? ఈ మేడ చల్లబడే ఉపాయం చెప్పినవాడికి అడిగింది ఇస్తాను" అని సభలో ప్రకటించాడు.

ఆస్థానంలో చమత్కారి గుంపస్వామి లేచాడు.

"ప్రభూ, దిష్టి తగులుతుందని సముద్రం వైపు కిటికీలన్నీ మూయించారు. తెరిపించండి. ఎదురు గోడకూ కిటికీలు పెట్టించండి. పైన ఒక వెదురు పంకా వేలాడదీస్తే చాలు."

రాజు మొహం చిట్లించాడు. "ఆ గాలి జాలర్ల గుడిసెల్లోకీ వస్తుందిగా! రాజుకీ అదేనా?"

అదీ సంగతి. ఊరికే వచ్చే సుఖం పెద్దవాళ్ల కళ్లకు ఆనదు.

సరిగ్గా అలాంటివాళ్ల కోసమే పుట్టినట్టు మెట్టదేశం నుంచి వామదేవభట్టు దిగాడు. పేరు ముందు 'యంత్రకేసరి' అని తగిలించుకున్నాడు. ఆ బిరుదు ఎవరిచ్చారని ఒక్కడూ అడగలేదు. అడిగితే తమకు తెలియదని నలుగురికీ తెలిసిపోతుందని భయం.

"ప్రభూ, వేడిని చంపడం నాకు వెన్నతో పెట్టిన విద్య" అన్నాడు భట్టు. "కిటికీలన్నిటికీ తలుపులు ఊడదీసి, వట్టివేళ్ల తడికలు బిగించి తడుపుతూ ఉంటాను. లోపల ఉక్కు రెక్కల చక్రం తిప్పిస్తాను. అంతే, మీ మేడ మంచుకొండ!"

గుంపస్వామి ఊరుకోలేదు. "ఆచార్యా, మీ దేశంలో గాలి పొడిగా ఉంటుంది, తడి తగిలితే చల్లబడుతుంది. ఇక్కడ గాలే తడిగుడ్డ. తడిగుడ్డను మళ్లీ తడుపుతారా? మా బాధ వేడి కాదు, ఉక్క."

"ఉక్కా? ఆ మాట ఏ శాస్త్రంలోనూ లేదే!" అని భట్టు నవ్వాడు. రాజూ నవ్వాడు. రాజు నవ్వాక సభ నవ్వకుండా ఉంటుందా?

"తడికలకు నీళ్ల తొట్లు కట్టాలి ప్రభూ. మేడ ముందున్న ఆ జాలరి గుడిసెలు పీకిస్తే స్థలం దొరుకుతుంది" అన్నాడు భట్టు.

"యంత్రం పరీక్ష నెగ్గిన రోజే పీకించేద్దాం" అన్నాడు రాజు, తమలపాకు ఈనె తీసినంత తేలిగ్గా.

మర్నాడు ఎర్రయ్యమ్మ అనే ముసలి జాలరామె గుంపస్వామి వాకిట్లో కూలబడింది.

"బంట్రోతులొచ్చి సెప్పి ఎల్లారు బాబూ. గుడిసెలు పీకేత్తారట. పిల్లా జెల్లా, వలలు, తెప్పలు ఏసుకుని ఏటి సేత్తాం? ఎక్కడికి పోతాం?"

గుంపస్వామికి ఒళ్లు మండింది. ఒకడి చల్లదనం కోసం ఒక పల్లెంతా ఎండలో పడాలా? "ఇంటికెళ్లమ్మా. మీ గుడిసెల జోలికి ఎవడొస్తాడో నేను చూస్తాను" అన్నాడు.

యంత్రం సిద్ధమైంది. అప్పటికే ఉప్పుగాలికి ఉక్కు రెక్కలు ఎర్రబారి, చక్రం కదిపితే కిర్రోమంటోంది.

"ఆ అరుపేమిటి?" అన్నాడు రాజు.

"మంగళవాద్యం ప్రభూ" అన్నాడు భట్టు. సిగ్గన్నది ఉంటే కదా!

రాజు లోపలికి అడుగు పెట్టబోతుంటే గుంపస్వామి అడ్డం వచ్చాడు. "ప్రభూ, తమ భోజనం కూడా ముందు వేరొకరు రుచి చూస్తారు. ఇంత చలి తమ ఒంటికి పడుతుందో లేదో! ముందు ఆచార్యులవారు కూర్చోవాలి."

భట్టు ఉబ్బిపోయి లోపలికెళ్లి పెద్ద కుర్చీలో కూర్చున్నాడు. తలుపులు మూశారు. లోపలి భటులు చక్రం తిప్పారు, బయటివాళ్లు తడికలు తడిపారు. రాజూ సభికులూ తలుపు జాలీలోంచి చూస్తున్నారు.

కాసేపటికి భట్టు నుదుటి బొట్టు కారి ముక్కు మీదికొచ్చింది.

"ఎలా ఉంది ఆచార్యా?" అని కేకేశాడు గుంపస్వామి.

"దివ్యంగా ఉంది! హిమాలయమే!"

"అయ్యో, అంత చలా? భటులారా, ఆచార్యులవారికి శాలువా కప్పండి!"

కప్పారు. వద్దంటే యంత్రం ఓడినట్టే. భట్టు శాలువాను మెడదాకా లాక్కున్నాడు.

"ఇప్పుడో?"

"కొంచెం... చలిగానే ఉంది."

"ఇంకా తగ్గలేదా! కంబళి కప్పండి. చెవులకు గుడ్డ చుట్టండి!"

భట్టు మొహం ఉడికిన చిలగడదుంపలా తయారైంది. పళ్లు పటపటా కొరుకుతున్నాడు.

"వణుకా ఆచార్యా?"

"వ... వణుకే!"

"పాపం! ఎవరక్కడ? నిప్పుల కుంపటి తెచ్చి కాళ్ల దగ్గర పెట్టండి!"

కుంపటి మాట చెవిన పడగానే యంత్రకేసరి గావుకేక పెట్టాడు.

"బాబోయ్! ఉక్క! ఉక్క! చచ్చిపోతున్నాను! తలుపులు తీయండి!"

తీసేదాకా కూడా ఆగలేదు. కంబళి విసిరికొట్టి, సముద్రం వైపు తడికను రెండు చేతులా చింపి, తల బయట పెట్టి రొప్పాడు. ఆ సందులోంచి సముద్రపు గాలి రివ్వున వచ్చి, జాలీ దాటి, రాజు మొహానికి హాయిగా తగిలింది.

రాజు కాసేపు కళ్లు మూసుకుని నిలబడ్డాడు. తర్వాత అడిగాడు. "ఏమోయ్ గుంపస్వామీ, ఇంత ఉక్కు పోసి కడితే ఉక్క ఎలా వచ్చిందోయ్?"

"వింతేముంది ప్రభూ! ఈయనకేవో కొమ్ములున్నాయని తమరు నమ్మారు. ఇప్పుడా కొమ్ము ఊడింది. ఉక్కుకు కొమ్ము ఊడితే మిగిలేది ఉక్క కదా!"

అందరికంటే ముందు, రోజంతా అక్షరాలు రాసే రాయసగాడు పకపకా నవ్వాడు. తర్వాత సభంతా నవ్వింది. రాజు మాత్రం అరచేతిలో వేలితో 'ఉక్కు' అని రాసుకుని, కొమ్ము చెరిపేసుకుని చూసి, అప్పుడు పొట్ట పట్టుకున్నాడు.

"అడుగు, ఏం కావాలి?"

"ఆ గుడిసెలు ప్రభూ."

"వాటి తాటాకు ఒక్కటి కదలదు, ఫో!" అని రాజు నవ్వు ఆపుకోలేకపోతూనే తన బంగారు కడియం ఊడదీసి గుంపస్వామి చేతికి తొడిగాడు.