జరిపిన గీత

అనగనగా ఒక అడవి. ఎండలకు ఏరు ఎండి ఇసుక తేలగానే, ఆ అడవిలో జంతువులన్నీ అక్కడ పరుగులు పెట్టుకునేవి. ఊరికే, సరదాకి. ఆ సరదాలోకి భూషయ్య అనే కొండముచ్చు దూరాడు.

వాడేం చేశాడంటే, పరుగు ముగిసే గెలుపు రాయికి బాగా ఇవతల ఇసుకలో ఒక గీత గీశాడు. "లేడి రాయిని తాకేసరికి అడవిపంది ఈ గీత దాటకూడదు. దాటకపోతే లేడి మీద కాసినవాళ్ళు గెలిచినట్టు. దాటితే వాళ్ళు పెట్టిన తిండి నాది" అన్నాడు. గీత ఎక్కడ గీస్తే పందెం ఎటు తిరుగుతుందో వాడికి బాగా తెలుసు.

కొమరమ్మ అనే ఉడుత ఆ పందేల జోలికి పోయేది కాదు. ఆమెకు ముగ్గురు పసికూనలు. వానాకాలమంతా వాళ్ళు తినాల్సిన సారపప్పు, ఎండు రేగుపళ్ళు తొర్రలో దాచిపెట్టింది.

ఒకరోజు భూషయ్య ఆమెను తియ్యగా పిలిచాడు. "కొమరమ్మా, నీ కోసం గీత జరుపుతాను చూడు. ఇదిగో, రాయి పక్కకే తెచ్చాను. ఇక పంది దీన్ని దాటడం కల్ల. కాకపోతే లేడి, కుందేలు, మనుబోతు, ఈ మూడింటి పరుగుల మీదా కలిపి కాయాలి. మూడూ నెగ్గితే పెట్టినంతకు అంత ఇస్తాను."

"ఒకటి పోతే?" అంది కొమరమ్మ.

"పోతే అన్నీ పోయినట్టే. అయినా ఎలా పోతుందమ్మా? గీత ఎక్కడుందో నువ్వే చూడు!"

కొమరమ్మ చూసింది. ఆశ పుట్టింది. తొర్రలో ఉన్నదాంట్లో సగం తెచ్చి పెట్టింది.

మొదటి పరుగులో లేడి రాయిని తాకింది, పంది గీతకు ఇవతలే ఆగింది. రెండో పరుగులో కుందేలు నెగ్గింది, ముంగిస ఎక్కడో వెనకపడింది. మూడో పరుగులో మనుబోతు రాయిని తాకబోతుండగా, వెనక వస్తున్న ఎలుగుబంటి కాలు జారి బొర్లాపడింది. చాచిన పంజా ఒకటి గీత అవతల పడింది. అంతే!

"రెండు నెగ్గాను కదా, ఆ రెండింటికైనా ఇవ్వు" అని కొమరమ్మ బతిమాలింది.

"మూడూ కలిపి ఒకటే పందెం" అన్నాడు భూషయ్య. సారపప్పు నములుతూనే అన్నాడు. నాకైతే ఆ మాట చెబుతుంటేనే ఒళ్ళు మండుతోంది, పిల్లలూ. "అయ్యో, ఒక్క పంజా తేడాలో పోయింది! ఈసారి గీత ఇంకా దగ్గరికి జరుపుతాను. నాలుగు పరుగులు కలిపి కాయి. మిగిలింది పట్టుకురా."

కొమరమ్మ తొర్రకు వెళ్ళింది. కూనలు ఆకలితో కిచకిచమంటున్నాయి. మిగిలిన పప్పు ముందు కూర్చుని ఆలోచించింది. 'ఒక పరుగులో ఓడే దారి ఒకటే. నాలుగు కలిపితే ఓడే దారులు నాలుగు. గెలిచే దారి మాత్రం ఒక్కటే. గీత జరిపింది నాకు మేలు చేయడానికి కాదు, నన్ను ఎక్కువ పరుగుల్లోకి లాగడానికి!'

ఆమె వట్టి చేతులతో ఏటికి వెళ్ళి, అందరి ముందూ నిలబడింది.

"భూషయ్యా, గీత నేను జరుపుతాను. నువ్వు చెప్పినంత దగ్గరికే జరుపుతాను. నాలుగు పరుగులూ కలిపి నువ్వు కాయి. నీ గుహలో ఉన్న తిండి పెట్టు. నా దగ్గర మిగిలిందంతా నేను పెడతాను."

భూషయ్య ఉలిక్కిపడ్డాడు. "నేనెందుకు కాస్తాను? నాకేమన్నా పిచ్చా?"

ఏరంతా ఆ మాట విన్నది. ముళ్ళపంది ముళ్ళు నిక్కబొడుచుకుని, "అయితే పిచ్చివాళ్ళం మేమన్నమాట!" అంది.

భూషయ్య పళ్ళు కొరికాడు. "పందెం కాయనివాళ్ళు నా ఏట్లో నిలబడకూడదు. పో!"

"ఏరు నీదెప్పుడయింది? నేను పోను" అంది కొమరమ్మ. పిడికెడంత ఉడుత ఆ గీత మీదికి వెళ్ళి, తోకతో దాన్ని తుడవసాగింది. భూషయ్య చెయ్యెత్తాడు. ముళ్ళపంది ఆమె పక్కకు వచ్చి నిలబడింది. లేడి వచ్చింది. ఎలుగుబంటీ వచ్చింది. ఎత్తిన చెయ్యి కిందికి దిగింది.

పోయిన సగం తిరిగి రాలేదు. ఆ వానాకాలం కొమరమ్మ తన కడుపు మాడ్చుకుని కూనలకు పెట్టింది. కానీ ఏరు మళ్ళీ ఎండినప్పుడు పరుగులు ఊరికే, సరదాకి జరిగాయి. ఇసుకలో గీత గీయడానికి భూషయ్యకు చెయ్యి రాలేదు.

నీతి: ఎదుటివాడు తాను కాయని పందేన్ని నిన్ను కాయమంటే, గీత ఎంత దగ్గరికి జరిపినా అది నీ మేలు కోసం కాదు.