నిచ్చెన మెడ మృగానికి పదేళ్ల అనుభవం

దగ్గరికి జరగండర్రా. గుమ్మంలో నిలబడ్డ పెద్దవాళ్లూ, మీరూ రండి. కాలేజీ చదువు అయిపోయినవాళ్లు కథలు వినకూడదని ఎవరన్నారు? అసలు ఇది మీకోసమే. కూర్చున్నారా? ఊఁ కొట్టండి మరి.

మణిదుర్గాన్ని ఏలే చిత్రసేన మహారాజుకి ఒకరోజు ఓడవర్తకుడి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. "ప్రభూ, తమకి కానుకగా నిచ్చెనంత మెడ ఉన్న మృగాన్ని తెస్తున్నాను. ఎల్లుండికి కోట చేరుతుంది" అని. మీరు జిరాఫీ అంటారే, అదే. ఆ రాజ్యంలో దాన్ని చూసినవాడు లేడు, పేరు విన్నవాడూ లేడు.

రాజుగారికి కాలు నిలవలేదు.

"దాన్ని చూసుకోవడానికి రేపటికల్లా మనిషి కావాలి!" అన్నాడు.

అశ్వశాల అధికారి కామనాయకుడు మీసం సవరించుకున్నాడు. గుర్రాల గురించి తనకి తెలిసినంత గుర్రాలకే తెలియదని అతని నమ్మకం. పైగా ఇంట్లో పనీపాటా లేని బావమరిది ఒకడున్నాడు.

"ప్రభూ, అనుభవం లేనివాడి చేతిలో పెడితే మృగం దక్కదు. అలాంటివాటిని పదేళ్లు మేపినవాళ్లే రావాలని చాటింపు వేయిద్దాం."

"వేయించు!" అన్నాడు రాజు, ఇంకో ఆలోచన లేకుండా.

మర్నాడు గురుకులంలో పన్నెండేళ్లు చదివి బయటికొచ్చిన సింగన కోట గుమ్మం దగ్గర ఆ చాటింపు విన్నాడు. అతను కొలువు కోసం తిరగడం ఇది అయిదోసారి. ధాన్యాగారంలో అడిగితే అనుభవం ఉందా అన్నారు. లేఖకుల గదిలోనూ అదే మాట. "పని ఇస్తేనే కదండీ అనుభవం వచ్చేది" అంటే నవ్వి పంపేశారు. ఈసారీ కుదరకపోతే మేనమామ సున్నపు బట్టీలో చేరిపోతానని అమ్మకి మాటిచ్చి వచ్చాడు. గురుకులంలో దూడలకి పేర్లు పెట్టి పెంచినవాడికి సున్నపు బట్టీ! ఉసూరుమంటూ వెనక్కి తిరిగాడు.

"ఏమబ్బాయ్, లోపలికి రాకుండానే వెళ్లిపోతున్నావేం?"

పిలిచింది అక్కిరాజు. రాజుగారికి తాంబూలం చుట్టి ఇచ్చేది ఆయనే. మెట్టు మీద కూర్చుని ఆకులకి ఈనెలు తీస్తున్నాడు.

"పదేళ్ల అనుభవం నాకెక్కడిదండీ? నా వయసే ఇరవై."

"మరి లోపల వరస కట్టిన పదకొండుమందికీ ఎక్కడిది?"

సింగన తల తిప్పి లోపలి వరస వైపు చూశాడు.

"వెళ్లి పన్నెండోవాడిగా నిలబడు. తెలిసింది తెలుసని చెప్పు. తెలియంది తెలియదని చెప్పి, అడుగు. సిగ్గుపడి ఇంటికి మాత్రం పోకు."

సభలో గొప్పలు హోరెత్తిపోతున్నాయి. ఒకడిది తాతల నాటి నుంచి అదే వృత్తట. ఇంకొకడు ఆ మృగం మీద ఎక్కి పెళ్లికి వెళ్లాడట. కామనాయకుడి బావమరిది భీమన అయితే చంకలో తాటాకుల కట్టతో వచ్చాడు. అన్నీ యోగ్యతాపత్రాలే, అన్నీ బావగారు రాసినవే.

అక్కిరాజు రాజుకి తాంబూలం అందిస్తూ చెవిలో ఏదో ఊదాడు. రాజు పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకున్నాడు. ఇద్దరు భటులు బండిచక్రమంత గడ్డిచుట్ట ఒకటి దొర్లించుకొచ్చారు.

"అనుభవజ్ఞులు కదా," అన్నాడు అక్కిరాజు వినయంగా. "దీన్ని ఆ మృగానికి ఎక్కడ తొడగాలో సెలవివ్వండి."

"మెడకే! వానాకాలంలో తొడక్కపోతే జలుబు చేస్తుంది. అంత మెడ మరి!" అన్నాడు వరసలో మొదటివాడు.

"ఛఛ, నడుముకయ్యా."

"మా మృగం ఏడాదికి ఇలాంటివి నాలుగు అరగదీసేది" అన్నాడు భీమన.

కామనాయకుడికి ఆగబుద్ధి కాలేదు. "ఇలా ప్రభూ, తలమీంచి దించి..." అంటూ ఆ చుట్ట తన మెడలోనే వేసుకుని చూపించాడు. పట్టు ఉత్తరీయం నిండా నల్లటి చారలు పడ్డాయి.

సింగన వంతు వచ్చింది. దగ్గరికెళ్లి చుట్టని వేలితో తడిమాడు. వాసన చూశాడు. కామనాయకుడు చిరాగ్గా మొహం తిప్పుకున్నాడు.

"దీన్ని మృగానికి ఎందుకు తొడుగుతారో నాకు తెలియదు ప్రభూ. నాకు తెలిసినంతలో ఇది వంటశాలలో గుండిగ కింద పెట్టే చుట్టకుదురు. ఇదిగో మసి. ఇదిగో పప్పుచారు మరక. గురుకులంలో ఏటా ఇలాంటివి నేనే పేనేవాణ్ణి."

సరిగ్గా అప్పుడే తలుపు చాటునుంచి వంటవాడి కేక వినిపించింది. "అయ్యా, నా చుట్టకుదురు ఇప్పించండి! గుండిగ నిలవనంటోంది!"

సభంతా గొల్లుమంది. రాజు చెయ్యెత్తి ఆపాడు. "మరి మృగం వస్తే ఏం చేస్తావోయ్?"

"ఓడలో ఇన్నాళ్లూ దానికి మేత వేసినవాడు ఒకడుంటాడు కదా ప్రభూ. అతన్ని పదిరోజులు ఇక్కడే ఉంచండి. ఏం తింటుంది, ఎప్పుడు పడుకుంటుంది, దేనికి బెదురుతుంది, అన్నీ అడిగి నేర్చుకుంటాను. ఆవులకి, గుర్రాలకి సేవ చేసిన చేతులే ఇవి."

కామనాయకుడి మొహం జేవురించింది. చుట్టకుదురు ఇంకా మెడలోనే ఉంది. "కబుర్లు కాదు! ఆ మృగంతో వీడికి ఒక్కరోజైనా అనుభవం ఉందేమో అడగండి ప్రభూ!"

మళ్లీ అదే ప్రశ్న. అయిదోసారి. సింగనకి సున్నపు బట్టీ పొగ కళ్లముందు కదిలింది. అక్కిరాజు వైపు చూశాడు. ఆయన ఏమీ ఎరగనట్టు ఆకుకి సున్నం రాస్తున్నాడు. సింగన గుండెనిండా గాలి పీల్చుకున్నాడు.

"లేదు ప్రభూ. కానీ ఆ మృగానికీ మన రాజ్యంలో ఉన్న అనుభవం లేదు. దాన్ని కూడా వెనక్కి పంపేద్దామా?"

రాజు నోట్లోని తాంబూలం కాస్తా ఎగిరి బయట పడింది. కడుపు పట్టుకుని నవ్వాడు. భటులు నవ్వారు, వరసలోని పదకొండుమందీ తలలు వంచుకునే నవ్వారు.

"వద్దొద్దు, ఉండనీ! అదీ కొత్తే, నువ్వూ కొత్తే. ఇద్దరూ కలిసి నేర్చుకోండి!" అంటూ రాజు తన శాలువా తీసి సింగన భుజాల మీద కప్పాడు. "కామనాయకా, ఆ హారం నీకు బాగానే నప్పింది కానీ, వంటవాడు ఎదురుచూస్తున్నాడు. నువ్వే తీసుకెళ్లి ఇచ్చిరా!"

చాల్లే నవ్వులు, లేవండిక. పొయ్యి దగ్గర మీ అమ్మలు కేకలేస్తుంటారు. చారు చల్లారకముందే పోయి అన్నాలు తినండి.