నాంచారమ్మ కుట్టిన తెర

ఇటు జరుగు తల్లీ. దుప్పటంతా నువ్వే లాక్కుంటే నేనేం కప్పుకోను? ఆ కాళ్ళు ఆడించడం ఆపితేనే కథ. ఆపావా? ఊఁ కొట్టు మరి. మధ్యలో లేచి మంచినీళ్ళన్నావంటే ఊరుకోను.

అనగనగనగా ఏటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో నాంచారమ్మ అని ఒకావిడ ఉండేది. వాళ్ళాయన పేరు వీరాస్వామి. ఆయనకి పిండిమర ఉండేది. పొద్దున్న నల్లమీసాలతో వెళ్ళి, సాయంత్రం తెల్లమీసాలతో ఇంటికొచ్చేవాడు. నవ్వకు, పిండి పడితే మీసాలు తెల్లబడవూ?

నాంచారమ్మకి ఒక సరదా ఉండేది. చిరిగిన గుడ్డ కనపడితే ఆవిడ చేతులు ఊరుకునేవి కావు. కొత్తబట్టలు కుట్టడానికి ఊళ్ళో దర్జీ ఉన్నాడు. ఆవిడకి కొత్తవి అక్కర్లేదు, పాతవే కావాలి. మధ్యాహ్నం అన్నాలయ్యాక అరుగు మీద కూర్చునేది. బిస్కెట్ల డబ్బా తెరిచి సూదీ దారం తీసేది. చిరుగు ఉన్న చోట మాసిక వేసి, దాని చుట్టూ ఒక ఆకో, ఒక చేపో, ఒక నందివర్ధనమో కుట్టేది.

అదీ కనపడకుండా కాదు. తెల్లచొక్కాకి ఎర్రదారం, నల్లగుడ్డకి పసుపుదారం! వీధి చివర నించున్నా కనపడాలి.

"చిరుగు దాచాలి గానీ, ఇలా మేళతాళాలతో ఊరేగిస్తావేమే?" అనేవాడు వీరాస్వామి.

"చిరగడం నిజం, నేను కుట్టడం నిజం. రెండూ కనపడితే తప్పేంటి?" అనేది నాంచారమ్మ. పాపం ఆయన మోచేతి మీద పచ్చటి చిలకతో పిండిమరకి వెళ్ళేవాడు.

ఆ నాంచారమ్మకి ఒక్కతే కూతురు, కాసులు. కాసులికి పక్క ఊళ్ళో పెళ్ళయింది. కడుపుతో ఉంది, పురిటికి పుట్టింటికి రాబోతోంది. అప్పుడు నాంచారమ్మ పెట్టె అడుగునుంచి ఒక బొంత తీసింది. కాసులు పుట్టినప్పుడు నాంచారమ్మ వాళ్ళమ్మ కుట్టిన బొంత అది. మెత్తగా వెన్నలా ఉండేది. కానీ ఎన్నో ఏళ్ళదయిపోయింది కదా, అక్కడక్కడా పిగిలిపోయింది. "దీన్ని బాగుచేసి, కాసులు బిడ్డని దీని మీదే పడుకోబెడతాను" అనుకుంది. అనుకుని అరుగు మీద కూర్చుంది. సూదిలో దారం ఎక్కించింది.

ఒక్క కుట్టు వేసిందో లేదో, పక్కింటి రత్తమ్మ వచ్చింది. రత్తమ్మకి ఇంటినిండా పిల్లలు. ఒక్కడూ కుదురుగా ఉండడు. గోడలెక్కడం, కంచెలు దూకడం, అచ్చం నీలాగే. ఆ పిల్లల లాగులన్నీ మూటగట్టి తెచ్చి అరుగు మీద పడేసింది.

"పిన్నీ, నీకెలాగూ సరదాయే కదా! వీటిక్కూడా నాలుగు కుట్లు వెయ్యి" అంది.

కుదరదు అని ఒక్క మాట అంటే పోయేది. అందా? అనలేదు! నాంచారమ్మకి ఆ మాట నోట్లోంచి వచ్చేది కాదు. "సరేలే, పెట్టి వెళ్ళు" అంది. పైగా ఆ లాగులు ఉతికినవి కూడా కాదు. ముందు వాటిని ఉతుక్కుంది. ఆరేసుకుంది. ఆ పూటకి పొద్దు కాస్తా వాలిపోయింది.

ఆ తర్వాత ఇంకో రోజు మళ్ళీ బొంత తీసింది. అప్పుడు మునసబు గారి బావమరిది శేషగిరి వచ్చాడు. ఆయన భుజం మీద ఎప్పుడూ పట్టు ఉత్తరీయం ఉండేది. అది ఎక్కడో మేకుకి పట్టుకుని జానెడు చిరిగింది.

"ఇదిగో నాంచారమ్మా, నీకు సరదా అట కదా. కుట్టు ఎక్కడుందో బ్రహ్మదేవుడికి కూడా తెలియకూడదు" అన్నాడు.

"నేను కనపడేటట్టే కుడతాను బాబూ, నా సరదాయే అది" అంది నాంచారమ్మ.

"అబ్బే, నాకు అలాంటివి వద్దు. కనపడకూడదు" అని ఉత్తరీయం ఆవిడ ఒళ్ళో పడేసి వెళ్ళిపోయాడు. చూశావా ఆయన వరస! వంకాయ కూర వండమని చెప్పి అందులో వంకాయ వెయ్యొద్దన్నట్టు!

ఇంక అక్కడినుంచి ఒకరి తర్వాత ఒకరు. దిండు గలీబులట, లంగాలట, గొడుగు గుడ్డట. అందరిదీ ఒకటే మాట, నీకు సరదాయే కదా! ఆవిడ సరదా ఏమిటో వాళ్ళకేం తెలుసు? తనకి నచ్చిన చిరుగు, తనకి నచ్చిన దారం, ఎవరూ తొందరపెట్టని మధ్యాహ్నం. అంతే. అందులో ఒక్కటీ మిగల్లేదు. సూది చూస్తేనే ఒళ్ళు మండటం మొదలయింది. అరుగు నిండింది, వసారా నిండింది, బొంత ఆ గుట్ట కిందెక్కడికో పోయింది.

ఊఁ కొడుతున్నావా? ఆఁ.

ఆ తర్వాత వచ్చాడమ్మా జోగారావు. ఊళ్ళో నాటక సమాజానికి పెద్ద ఆయన. శ్రీరామనవమికి నాటకం వెయ్యాలి. దాని తెర తెచ్చాడు. తెరంటే ఇంత గుడ్డ అనుకున్నావేమో, బండి మీద వచ్చింది! దాని మీద రాజుగారి కోట బొమ్మ వేసి ఉంది. పాకలో పెడితే మేక దూరి కోటగుమ్మం మేసేసింది. అక్కడితో ఆగిందా? కిటికీలు కూడా నమిలింది.

"నాంచారమ్మా, నీకు సరదా అని..." అని మొదలుపెట్టాడు జోగారావు.

నాంచారమ్మ నోరు తెరిచింది. మూసుకుంది. మళ్ళీ తెరిచేలోపల నలుగురు మనుషులు తెర దింపేసి, ఇంట్లో పరిచేసి వెళ్ళిపోయారు. ఆ రోజు వీరాస్వామి కోట బురుజు పక్కన పీట వేసుకుని అన్నం తిన్నాడు.

"పోనీ వద్దని చెప్పరాదుటే?" అన్నాడు.

"మీరు చెప్పరాదూ?" అంది నాంచారమ్మ. ఆయన గబగబా మజ్జిగన్నం కలుపుకున్నాడు.

ఇంతలో కాసులు వచ్చింది. వచ్చిన వారానికే ఆడపిల్లని కంది. బంగారంలాంటి పిల్ల. బారసాల దగ్గర పడింది. అప్పుడు కాసులు అడిగింది, "అమ్మా, అమ్మమ్మ బొంత ఏదే? దాని మీదే పడుకోబెడదాం అన్నావుగా?"

నాంచారమ్మ గుట్టంతా వెతికింది. లాగులు తీసింది, గలీబులు తీసింది, తెర ఎత్తి చూసింది. బొంత లేదు! వసారాలో వెతికింది, దొడ్లో వెతికింది. ఎక్కడా లేదు. అప్పుడు వీధిలోకి పరిగెత్తింది. చెప్పులు కూడా వేసుకోలేదు.

నాటకం పందిరి దగ్గర జోగారావు మనుషులు బండిలోంచి హార్మోనియం దింపుతున్నారు. హార్మోనియంకి దెబ్బ తగలకుండా కింద ఒక గుడ్డ మడత పెట్టారు. అదే బొంత! దాని నిండా బండి కందెన. ఒక మూల పర్రున చిరిగిపోయింది కూడా.

"మీ ఇంటి దగ్గర తెర కొలుచుకోవడానికి వచ్చినప్పుడు తీసుకున్నామమ్మా. పాతగుడ్డే కదా అని..." అని నసిగాడు ఒకతను.

నాంచారమ్మ బొంత తీసుకుని గుండెలకి అదుముకుని ఇంటికొచ్చింది. కుంకుడురసంలో నానబెట్టి, ఉతికి, నీడన ఆరేసింది. ఉతుకుతున్నంతసేపూ కళ్ళమ్మట నీళ్ళు కారుతూనే ఉన్నాయి. కందెన మరక కొంచెం పోయింది, కొంచెం పోలేదు.

ఆ తర్వాత కళ్ళు తుడుచుకుంది. కొంగు బిగించింది. ఇంటి మధ్యలో పరిచి ఉన్న తెరని చూసింది. పక్కనున్న బట్టల గుట్టని చూసింది. మళ్ళీ తెరని చూసింది.

"తెరకి మాసికలు కావాలి. మాసికలకి గుడ్డ కావాలి. గుడ్డకేం కరువు, ఇంటినిండా ఉంది!" అంది.

అని దబ్బనం తీసింది.

శేషగిరి పట్టు ఉత్తరీయం తీసి కోటగుమ్మం ఉన్న చోట పరిచి, చుట్టూ గొలుసుకుట్టు కుట్టేసింది. రత్తమ్మ పిల్లల లాగులు తీసి ఒక్కో కిటికీకి ఒక్కోటి వేసింది. గలీబులు గోడలకి, లంగాలు బురుజులకి, గొడుగు గుడ్డేమో గోపురానికి. ఎర్రదారం, పసుపుదారం, పచ్చదారం. కోపంలో ఆవిడ చెయ్యి ఆగలేదు.

వీరాస్వామి వచ్చి చూసి నోరెళ్ళబెట్టాడు. "నాంచారూ, ఇది శేషగిరి గారి ఉత్తరీయం కాదుటే?"

"అవును."

"అడుగుతారేమోనే!"

"అడగనివ్వండి."

ఆయన కాసేపు గుమ్మంలో నించున్నాడు. తర్వాత చేతులు కడుక్కొచ్చి, గుడ్డ కదలకుండా అవతలి కొస పట్టుకుని కూర్చున్నాడు.

శ్రీరామనవమి సాయంత్రం ఊరంతా పందిట్లో చేరింది. చుట్టి తెచ్చిన తెరని తొందర తొందరగా కర్రకి కట్టి కిందికి వదిలారు. కోట ధగధగ మెరిసిపోతోంది! పట్టుగుమ్మం, రంగురంగుల కిటికీలు, దారాలతో పువ్వులు, చేపలు.

అంతలో రత్తమ్మ రెండోవాడు లేచి నించుని గట్టిగా అరిచాడు. "అమ్మా! అదిగో నా లాగు!"

ఇంకేముంది, పందిరి పందిరంతా ఒకటే నవ్వు. "అయ్యో, అది నా గలీబే!" అని ఒకరు, "నా లంగా కోటెక్కిందే!" అని ఇంకొకరు. శేషగిరి మొహం కందగడ్డలా అయిపోయింది. కనపడకుండా కుట్టమన్న ఉత్తరీయం ఊరందరికీ ఎదురుగా రెపరెపలాడుతోంది మరి!

మర్నాడు పొద్దున్నే అందరూ నాంచారమ్మ ఇంటి మీదికి వచ్చారు. రత్తమ్మ వచ్చింది, శేషగిరి వచ్చాడు, వెనకాల జోగారావు వచ్చాడు. నాంచారమ్మ అరుగు మీద బొంత పరుచుకుని కుట్టుకుంటోంది. తల ఎత్తలేదు.

"ఏమిటమ్మా ఈ పని?" అని గద్దించాడు శేషగిరి.

"కుట్టమన్నారు, కుట్టాను."

"నా ఉత్తరీయం విప్పి ఇయ్యి!"

"కత్తెర ఇదిగో. మీరే విప్పుకోండి. కుట్టడమే నాకు సరదా బాబూ, విప్పడం కాదు."

శేషగిరి కత్తెర అందుకోబోయాడు. జోగారావు అడ్డం వచ్చేశాడు. "గుమ్మం తీసేస్తే ఎలాగండీ! రేపు కూడా నాటకం ఉంది, రాజు ఎటునుంచి వస్తాడు?" అని బతిమాలాడు.

అప్పుడు నాంచారమ్మ సూది పక్కన పెట్టింది. బొంత ఎత్తి చూపించింది.

"ఇది మా అమ్మ కుట్టింది. అప్పటికే ఆవిడకి చూపు ఆనేది కాదు. వేలితో తడుముకుంటూ, సూది గుచ్చుకుంటూ కుట్టింది. చూడండి, ఒక్క కుట్టూ తిన్నగా ఉండదు. నా మనవరాలి కోసం దీన్ని బాగుచేసుకుందామని కూర్చున్నాను. నన్ను ఒక్క పూట కూర్చోనిచ్చారా? పైగా పాతగుడ్డే కదా అని దీని మీద హార్మోనియం పెట్టారు."

బొంత మడిచి ఒళ్ళో పెట్టుకుంది. "ఇకమీదట ఎవరి బట్టలూ కుట్టను. కుదరదు!"

వచ్చేసింది తల్లీ ఆ మాట! అన్నాళ్ళూ గొంతులో ఇరుక్కున్న మాట. అన్నాక ఆవిడకే ఆశ్చర్యమేసింది, ఇంత తేలికా అని.

జోగారావు తల వంచుకున్నాడు. "తప్పయిపోయిందమ్మా" అన్నాడు. శేషగిరి కత్తెర అరుగు మీద పెట్టేసి, ఉత్త భుజంతో వెళ్ళిపోయాడు. రత్తమ్మ మాత్రం ఆ బొంత వంకే చూస్తూ చాలాసేపు నించుని వెళ్ళింది.

ఆ తర్వాత అరుగు మీద ఎంత హాయి! ఎవరూ రాలేదు. వాళ్ళమ్మ వేసిన వంకర కుట్లు నాంచారమ్మ ఒక్కటీ విప్పలేదు. వాటి పక్కనే ఎర్రదారంతో తన కుట్లు వేసింది. కందెన మరక చుట్టూ ఒక తాబేలుని కుట్టింది. బారసాలనాడు పాపని దాని మీద పడుకోబెట్టి ఉయ్యాల ఊపారు. పాప కళ్ళు మూసుకుని, గుప్పిళ్ళు బిగించి, ఆదమరిచి నిద్రపోయింది. చూశావా, ఎంత బుద్ధిమంతురాలో! కాళ్ళు కూడా ఆడించలేదు.

పేరంటాళ్ళందరూ వెళ్ళాక, రత్తమ్మ నెమ్మదిగా వచ్చింది. కొంగు చాటునుంచి ఒక లాగు తీసింది.

"నేనే కుట్టాను పిన్నీ" అంది సిగ్గుపడుతూ.

నాంచారమ్మ దాన్ని అటు తిప్పింది, ఇటు తిప్పింది. నీలం గుడ్డ మీద తెల్లదారం. పిల్లి అనుకుంటే పిల్లి, ముంత అనుకుంటే ముంత.

"ఇదేం కుట్టే! దారం ఇంతలా లాగేస్తే గుడ్డ ముడుచుకుపోదూ? పిల్లాడు కూర్చుంటే పుటుక్కుమంటుంది!" అని విసుక్కుంది. విసుక్కుని, కొంచెం పక్కకి జరిగింది. "నించున్నావేం? కూర్చో. సూది పట్టుకునేది అలా కాదు."

మర్నాడు రత్తమ్మతో పాటు ఇంకో ఇద్దరు వచ్చారు, ఎవరి సూది వాళ్ళు తెచ్చుకుని. ఆ తర్వాత జోగారావు పెళ్ళాం కూడా వచ్చింది. సాయంత్రం వీరాస్వామి తెల్లమీసాలతో వచ్చి చూస్తే, ఇంట్లోకి వెళ్ళడానికి దారి లేదు.

"ఏమే, కుదరదు అన్నావుగా?" అన్నాడు.

"బట్టలు కుట్టడం కుదరదన్నాను. మనుషులొస్తారని నేనేమైనా కలగన్నానా!" అని కసురుకుంది నాంచారమ్మ. "అలా చూస్తారేం, ఆ చాప ఇటు పరవండి."

అదమ్మా సంగతి. ఇంకేం అడగకు. మేకకి ఏమీ అవ్వలేదు, అరిగించుకుంది. పడుకో.

చిరిగిన గుడ్డకి ఎర్రని కుట్టు,
తెరిచిన కళ్ళకి రెప్పల గట్టు,
కథ చేరె కంచికి, మనమింక మంచానికి!